పచ్చగున్నయ్ సార్

ఆ రోజుల్లో నాకు దేవుడికన్నా మా సారంటేనే ఎక్కువ భయం. నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరాను, పర్మినెంట్ కావాలంటే ఆయన సంతకం పడాలి. అలాంటి మనిషి పనిమీద నెలన్నర ఊరికి పోతూ, ప్రాణంగా పెంచుకునే బ్లూబెర్రీ కుండీని (ఆ పండును అప్పటికి నేను కేకు మీద కూడా చూడలేదు) నా చేతుల్లో పెట్టారు. "దీని మట్టి పుల్లగుండాలె. పీహెచ్ ఐదు దాటనియ్యకు. దాటితే మొక్క సస్తది," అన్నారు. మొక్కతోపాటు నా ఉద్యోగం కూడా అన్నట్టు వినపడింది నాకు.

ఉప్పల్‌లో నా అద్దె గది ముందు పెట్టుకుని, రోజూ చెంబెడు బోరు నీళ్లు భక్తిగా పోశాను. బకెట్టుకు తెల్లటి చారలు కట్టే నీళ్లవి. పొద్దంతా ల్యాబులో పీహెచ్ చూసేవాణ్ణి, ఇంటి నీళ్లు చూడాలని మాత్రం తట్టలేదు (కెమిస్ట్రీ కంపెనీ గేటు దాటి రాదనుకున్నానేమో). మూడో వారానికి ఆకులు పసుపు రాసినట్టయ్యాయి. ఆ రోజే ఫోన్ మోగింది. "ఆకులెట్లున్నయ్?" "పచ్చగున్నయ్ సార్," అన్నాను. పసుపూ పచ్చే, ఆకుపచ్చా పచ్చే కదా, మన భాష నన్ను కాపాడింది. "శభాష్," అన్నారాయన. ఆ మెప్పుకు నాకు జ్వరం వచ్చినంత పనైంది.

మర్నాడు ల్యాబులో అడిగి పీహెచ్ కాగితాలు తెచ్చుకున్నాను. బోరు నీళ్లు ఎనిమిది, మట్టి ఏడు, పులుపన్నదే లేదు. నా వాలకం చూసి ఇంటి ఓనరాంటీ ఏమైందని అడిగింది. మట్టికి పులుపు కావాలన్నాను. "గంతేనా? దానికింత ఫికరెందుకు బిడ్డా," అని గిన్నెడు చింతపండు పులుసు తెచ్చింది (ఉప్పు, పోపు కూడా పడ్డాయి). దణ్ణం పెట్టి ఆపి, నిమ్మకాయలు మాత్రం అడిగాను. చుక్కచుక్కగా పిండి, కాగితం ముంచి, నీళ్లు ఐదుకు దిగాకే పోసేవాణ్ణి. వాన పడితే ఉన్న గిన్నెలన్నీ బయట పెట్టేవాణ్ణి. ఆకు రాలినప్పుడల్లా మూట సర్దుకుని ఊరి బస్సెక్కుతున్నట్టే అనిపించేది.

సారు వచ్చేనాటికి కొసన నాలుగు కొత్త ఆకులు నిజంగానే ఆకుపచ్చగా ఉన్నాయి, కిందివన్నీ పసుపే. ఆయన చాలాసేపు చూసి, "ఫోన్ల జెప్పిన పచ్చ ఇందుల ఏది?" అన్నారు. కింది ఆకు చూపించాను.

"మరి పైవి?"

"అవి భయంతోని వచ్చినయ్ సార్."

ఆయన నవ్వలేదు. మర్నాడు సంతకం పెట్టి, "రిపోర్టుల రంగు రాయకు, నంబర్ రాయి," అన్నారు.

ఇప్పుడు ఆ సంతకాల కుర్చీలో నేనున్నాను. మొన్న కొత్తగా చేరిన అమ్మాయిని పనెట్లుందని అడిగితే, "అంతా మంచిగుంది సార్," అంది తలుపు దగ్గరే నిలబడి. ఏ మంచి అని అడగబోయాను. నిమ్మకాయలు పిండుకుంటూ కుండీ ముందు కూర్చున్న నేనే గుర్తొచ్చి నవ్వొచ్చింది. పక్కనున్న కుర్చీ జరిపి, జర కూర్చోమ్మా అన్నాను.