కొత్త అద్దంతో కళింగపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోటు చూడాలనుకునేవాళ్లు కళింగపట్నానికి వానాకాలంలోనే వెళ్లాలి. ఎగువన వానలు పడి ఏరు ఎర్రబడిన రోజుల్లో ఏటినీళ్లు, సముద్రపు నీళ్లు వెంటనే కలిసిపోవు. కొంతదూరం దాకా మధ్యలో ఒక గీత కనిపిస్తుంది. ఎండాకాలంలో వెళితే ఆ గీత ఉండదు. ఈ సంగతి నాకు చెప్పింది దానియేలు మాస్టారు. విజయనగరంలో మా హైస్కూలుకి ఆయన డ్రాయింగ్ మాస్టారు. నేను ఆయన దగ్గర చదువుకుని, తర్వాత అదే బడిలో ఫిజిక్స్ చెప్పడానికి చేరాను. బొమ్మలు మాత్రం నాకు ఏనాడూ రాలేదు. నేను గీసిన మామిడిపండు చూసి "ఒరే రమణా, వంకాయ బాగా వచ్చిందిరా" అన్న మనిషి ఆయన.

ఆయన ఇంటి ముందుగదిలో గోడకి ఆ ఏరు, ఆ సముద్రం ఉన్న బొమ్మ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎండాకాలం సెలవుల్లో చుట్టాల పెళ్లికి కళింగపట్నం వెళ్లినప్పుడు వేశారట. గీత గురించి ఎవరో చెబితే విని, చూడకుండానే ఊహించి గీసేశారు. అది చూసిన ఒక ముసలి జాలరి "బొమ్మ బాగున్నాది బాబూ, గీతే తప్పేసినావు. వానల్లో వచ్చి సూడు" అన్నాడట. వచ్చే వానలకి వెళ్దాం, వచ్చే వానలకి వెళ్దాం అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపేశారు మాస్టారు. ఈలోగా రిటైరయ్యారు, కళ్లకి నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చాయి. ఎడమ కన్ను ఇంచుమించు పోయింది. కుడి కంటికి గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మేర మాత్రమే కనిపించేది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేమని డాక్టరు అన్నారు. ఈ ఏడాది వానలు మొదలవగానే మాస్టారు నాకు ఫోన్ చేశారు. "ఒరే, నన్ను కళింగపట్నం తీసుకెల్లు. ఆ గీత ఒక్కసారి సూసీసి బొమ్మ దిద్దీసుకుంటాను. బ్రష్షు పట్టుకునే సూపు ఇంకా కొంచెం ఉన్నాది" అన్నారు. రెండో శనివారం బయల్దేరదామని మాటిచ్చాను.

సరిగ్గా దానికి ముందు ఆదివారం శృంగవరపుకోట నుంచి వస్తుంటే ముందున్న కంకర లారీ మీంచి చిన్న రాయి ఎగిరివచ్చి నా కారు ముందు అద్దానికి తగిలింది. ఎడమవైపు పెసరగింజంత మచ్చ పడింది. మర్నాడు విజయనగరంలో అద్దాల షాపుకి తీసుకెళ్తే, అక్కడి మనిషి వేలితో మచ్చని తడిమి చూశాడు. "రూపాయి బిళ్ల కన్నా సిన్నదే మాస్టారూ. మందు ఎక్కించీగలం. అరగంట పని, ఏడొందలు. గీత పారిందంటే మరి అద్దం మార్సడమే, ఇప్పుడే సేయించీయండి" అన్నాడు. నేను నా తెలివంతా వాడి ఆలోచించాను. ఏడొందలు పోసినా మచ్చ ఆనవాలు ఉండనే ఉంటుంది. ఆ మచ్చే గీతగా మారితే బీమాలో అద్దానికి అద్దమే కొత్తది వస్తుంది. అతుకెందుకు, దసరా సెలవుల్లో ఏకంగా మార్పించేద్దాం అనుకుని వచ్చేశాను. ఇంట్లో చెబితే మా ఆవిడ "ఫ్రీగా వస్తాదంటే మీరు ఫినాయిల్ అయినా తాగీసేటట్టున్నారు" అంది. పోనీ అక్కడితో ఊరుకుందా అంటే అదీ లేదు. రాయి తగలడం దిష్టేనని, శనివారం నేను ఎలాగూ అటే వెళ్తున్నాను కాబట్టి శ్రీముఖలింగంలో బండికి పూజ చేయించి తీరాలని పట్టుబట్టింది. నాకు బీమా మీద ఆశ, ఆవిడకి పూజ మీద నమ్మకం. ఇద్దరిలో ఒక్కరికీ ఆ మచ్చ మీద ఓ ముక్క టేపైనా అతికించాలని తోచలేదు.

శనివారం ఉదయం ఆరింటికి మాస్టారిని ఎక్కించుకుని బయల్దేరాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్న రంగుల పెట్టె, అట్ట, మంచినీళ్ల సీసా సంచిలో పెట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. విజయనగరం నుంచి శ్రీకాకుళం సుమారు డెబ్బై కిలోమీటర్లు. పొద్దున్నే అయితే గంటన్నర చాలు. ఊళ్లోకి వెళ్లకుండా హైవే పక్కనే ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ టీలతో కలిపి నూట ఇరవై. అక్కడ మాస్టారు ఒక మాట అన్నారు. "ముందు సముద్రానికి పోదాం రా. దేవుడు ఎక్కడికీ పోడు. ఎండెక్కితే నాకు నీళ్ల మీద మెరుపు తప్ప ఏటీ కనపడదు." శ్రీకాకుళం నుంచి గార మీదుగా కళింగపట్నం ముప్పై కిలోమీటర్ల లోపే. ఎనిమిదిన్నరకల్లా ఒడ్డున ఉండేవాళ్లం. నేను మాత్రం ముందు పూజ కానిచ్చేస్తే పదకొండుకల్లా సముద్రం దగ్గర ఉంటామని లెక్క చెప్పాను. ఆయన సరేనన్నారు. పెద్దవాళ్లు అంత తొందరగా సరేనంటే మనం ఇంకోసారి ఆలోచించుకోవాలి. నేను ఆలోచించలేదు.

మడపాం వంతెన మీద వంశధార దాటేటప్పుడు నీళ్లు నిండుగా, ఎర్రగా ఉన్నాయి. మాస్టారు తల పక్కకి తిప్పి, ఉన్న కొంచెం చూపునీ నీళ్లకి తగిలించి "ఇదేరా రంగు, ఇదే" అన్నారు. అక్కడి నుంచి నరసన్నపేట, జలుమూరు మీదుగా తొమ్మిదింబావుకి ముఖలింగం చేరాం. ఉదయం వెళితే జనం తక్కువగా ఉంటారు. రాతి గోడల మీద ఎండ ఏటవాలుగా పడి శిల్పాలు స్పష్టంగా కనిపిస్తాయి. నేను దర్శనానికి వెళ్లాను. మాస్టారు ప్రాకారం పక్క నీడలో కూర్చుని గోడ మీది చెక్కడాలని చేత్తో తడుముతూ ఉన్నారు. బాప్టిస్టు చర్చిలో పెద్ద అయినా రాయిని చెక్కిన చేతికి ఎక్కడైనా దణ్ణం పెట్టే మనిషి ఆయన.

నేను తిరిగొచ్చేసరికి పదిన్నర. గంటకి పైగా కారు ముఖం తూర్పుకి తిరిగి ఎండలో నిలబడి ఉంది. వానల మధ్య కాసే ఎండ సంగతి మన ప్రాంతంవాళ్లకి చెప్పక్కర్లేదు. పూజకి పిలిచిన పంతులుగారు బండి చూసి "దుమ్ము మీద పసుపు నిలవదు బాబూ, కాస్త కడుక్కురండి, ఈలోగా నేను సిద్ధం చేస్తాను" అన్నారు. కొబ్బరికాయల కొట్టు ఆవిడ దగ్గర బకెట్టు అడిగి, బోరింగు కొట్టి నీళ్లు పట్టాను. "నీడకి తీసి కడుక్కో బాబూ, రేకంతా కాలిపోతన్నాది" అందావిడ. నాకు తొందర. బకెట్టు ఎత్తి ఒక్క ఊపున అద్దం మీద కుమ్మరించాను.

టప్పుమని చిన్న చప్పుడైంది. ఎడమవైపున్న మచ్చలోంచి ఒక గీత బయల్దేరి, నేను చూస్తుండగానే కుడివైపుకి పారి, సరిగ్గా నేను కూర్చునే చోటుకి ఎదురుగా వచ్చి ఆగింది. వేడెక్కిన గాజు మీద చల్లనీళ్లు పడితే పైపొర ఒక్కసారిగా ముడుచుకుంటుందని, బీటలు ఉన్న చోట ముందు తెగుతుందని ఆ వారమే తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పాను. ఒక పిల్ల లేచి "సార్, మరి మీ ఇంట్లో ఎప్పుడైనా గ్లాసు పగిలిందా?" అని అడిగితే, తెలిసినవాడు పగలగొట్టుకోడమ్మా అన్నాను కూడా.

"ఏటిరా ఆ సప్పుడు?" అన్నారు మాస్టారు నీడలోంచి.

"అద్దం మాస్టారూ."

ఆయన వచ్చి, వేలితో గీత పొడవునా రాసి చూసి "తిన్నగానే గీసినావు. నా క్లాసులో ఒక్కసారీ ఇంత తిన్నగా గియ్యలేదు కదరా" అన్నారు. పంతులుగారు గండం అద్దంతో పోయిందని ఓదార్చి, ఆ పగిలిన అద్దానికే పసుపు రాసి బొట్టు పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నానని నన్ను నేనే తిట్టుకున్నాను.

బీమావాళ్లకి ఫోన్ చేస్తే ఫొటోలు తీసుకుని దగ్గర్లోని షాపుకి వెళ్లమన్నారు. నెమ్మదిగా నడుపుతూ పన్నెండున్నరకి శ్రీకాకుళం చేరాం. ఎదురెండలో ఆ గీత మీద వెలుగు విరిగి, ఎదుటి బండ్లు రెండేసిగా కనిపించాయి. అద్దాల షాపు యజమాని చూసి పెదవి విరిచాడు. "మూరెడు గీతకి మందేటండీ బాబూ. మార్సాల. ఈ మోడలు అద్దం ఇక్కడ నేదు, విశాపట్నం నుంచి వస్తాది. రేపు ఆదివారం. సోమవారం బిగించీస్తాను." ఈ అద్దంతోనే కళింగపట్నం వెళ్లి రావచ్చా అని అడిగాను. "రెండు గాజుల మధ్యలో పొర ఉంటాది, మీద పడిపోదు. కానీ మీ సూపుకి అడ్డంగా ఉన్నాది. నేనైతే పెద్దాయన్ని పక్కన ఎట్టుకుని నడపను" అన్నాడు. ఆ మాట నిజమే. కారు అక్కడే వదిలెయ్యాలి. అంతవరకు తప్పులేదు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. ఈ టపా రాయడం కూడా దానికోసమే. మాస్టారు షాపు ముందు స్టూలు మీద కూర్చుని, రోడ్డవతల ఆటోలు ఆగే చోటు చూపించి "ఆటో కట్టించుకుని పోదామేటిరా? రెండింటికల్లా అక్కడ ఉంటాం. మబ్బు కూడా వేస్తన్నాది, మెరుపుండదు" అన్నారు. నేను వెళ్లి అడిగాను కూడా. రానూపోనూ ఎనిమిదొందలు, అక్కడ గంట ఆగుతానన్నాడు డ్రైవరు. డబ్బు నాకు సమస్య కాదు. కానీ బీమా తరఫున చూడ్డానికి మనిషి రెండున్నరకి వస్తానన్నాడు. నేను లేకపోతే పని సోమవారం దాటిపోతుందని భయం. పైగా నా తెలివితక్కువతనానికి నా మీద నాకే చిరాకు. మనసు పాడైనవాడికి సముద్రం ఎందుకు కనిపిస్తుంది?

"ఇంకోసారి వద్దాం మాస్టారూ. కొత్త అద్దంతో వద్దాం, మీకూ బాగా కనిపిస్తుంది" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. కుడికన్ను నా ముఖం మీద నిలవడానికి కాస్త సమయం పట్టింది. "సరేరా" అన్నారు. పొద్దున్న అన్నట్టే అన్నారు. బీమా మనిషి మూడున్నరకి వచ్చి అయిదు నిమిషాల్లో వెళ్లిపోయాడు. మేం నాలుగింటి బస్సెక్కాం. విజయనగరానికి రెండు గంటల ప్రయాణం. మాస్టారు కిటికీ పక్కన రంగుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దారి పొడవునా నేను బీమా గురించి మాట్లాడుతూనే ఉన్నాను. సంచి తీసుకుని పైన పెడతానంటే వద్దన్నారు.

సోమవారం అన్నది గురువారం అయింది. బీమా ఇచ్చింది పోగా నా చేతినుంచి పడింది ఆ ఏడొందలకి రెట్టింపు పైనే. తర్వాత శనివారం వాన, ఆపై శనివారం బడిలో తనిఖీ. మూడు వారాలకి ఒక తెల్లవారుజామున మాస్టారికి కన్ను పోటెత్తి, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. నొప్పి తగ్గింది. చూపు మాత్రం వెలుగూ చీకటీ తెలిసేంతే మిగిలింది. నేను చూడ్డానికి వెళ్తే, "అద్దం బిగించినారా?" అన్నది ఆయన మొదటి మాట. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు. నాకు ఏడుపొచ్చింది.

దసరా సెలవుల్లో ఆయనే తీసుకెళ్లమన్నారు. ఎక్కడా ఆగకుండా ఎనిమిదిన్నరకి కళింగపట్నం చేరాం. అద్దం మీద మరకన్నది లేదు. ఒడ్డున పడవలు, ఇసుక మీద పరిచిన ఎండుచేపలు, అవతల వంశధార. గీత ఉంది. నేను మొదటిసారి చూశాను.

"ఉన్నాదా?" అన్నారు మాస్టారు.

"ఉంది మాస్టారూ. ఇటు ఎరుపు, అటు నీలం."

"నీలవంటే ఏటిరా? నీలాలు ఎన్ని లేవు? సరిగ్గా సూసి సెప్పు."

ఎంత చూసినా నాకు ఇంకో మాట దొరకలేదు. చేపలు తిరగేస్తున్న ఒకావిడ మా మాటలు విని, "నీలం కాదు బాబూ. అటేపు తోటకూర ఉడికించిన నీల్లలాగున్నాది. ఇటేపు బెల్లం పానకం" అంది. మాస్టారి ముఖం వెలిగింది. "అదీ సెప్పడమంటే" అన్నారు. తర్వాత కుడి అరచెయ్యి నా ముందు చాపి "గీత ఎలాగుందో ఇక్కడ గియ్యి" అన్నారు.

నా వేలు ఆయన అరచేతి మీద పెట్టి, సముద్రం వైపు చూస్తూ మొదలుపెట్టాను. సగం గీసేసరికి ఆయన నా వేలు పట్టుకుని ఆపారు.

"మెల్లగా గియ్యరా. నువ్వు తప్పు గీస్తే, దిద్దుకోడానికి నాకు మరి సూపు నేదు."

గోడ మీది ఆ బొమ్మ ఇప్పటికీ తప్పు గీతతోనే ఉంది. తీసెయ్యమంటే ఆయన ఒప్పుకోరు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నేను దానికి వీపు పెట్టి కూర్చుంటున్నాను. అద్దం బాగుచేయించాలా, మార్పించాలా అన్నది ఏమంత పెద్ద నిర్ణయం కాదు. మచ్చ రూపాయి బిళ్ల కన్నా చిన్నదై, మీ చూపుకి అడ్డం లేకపోతే ఆ రోజే మందు ఎక్కించండి. గీత పారితే మార్చండి. ఇది ఏ షాపువాడైనా చెబుతాడు. నేను ముప్పై ఏళ్ల వాయిదాకి ఇంకో వాయిదా కలిపాను. ఆ పని ఏ షాపులోనూ బాగుచెయ్యరు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒకే సలహా. పెద్దవాళ్లని తీసుకెళ్తున్నప్పుడు బండి ఆగిపోతే, దాన్ని అక్కడే వదిలేసి ముందు ఆటో పిలవండి. అద్దం సోమవారానికైనా వస్తుంది.