సత్తయ్య మగ్గం పక్కన ఇంకుడు గుంత

2022 ఎండాకాలం. నేను మిరుదొడ్డి మండలంలో ఉపాధి హామీ పథకంలో టెక్నికల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. పేరు పెద్దదే గానీ పని చెప్పడం సులువు. ఊళ్ళో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు వెళ్ళి కొలవాలి, ఎస్టిమేట్ వేయాలి, సున్నంతో నేల మీద గుర్తు పెట్టాలి, పని అయ్యాక మళ్ళీ కొలిచి ఎం.బుక్ అనే కొలతల పుస్తకంలో రాయాలి. రోజూ సిద్దిపేట నుంచి స్కూటీ మీద పోయి వచ్చేదాన్ని. ఈ సంగతి జరిగిన ఊరి పేరు రాయడం లేదు. చదివినవాళ్ళు తప్పంతా ఊరిదే అనుకుంటారు, అందులో పెద్ద వాటా నాది.

ఆ ఊళ్ళో వాడకట్టులన్నీ ఇరుకు. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు తొవ్వ మీదికే వచ్చేవి. పక్క ఊళ్ళ చుట్టాలు పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు, "మీ ఊరికి రావాల్నంటే చెప్పులు చేతుల వట్టుకోవాలె" అని నవ్వేవారట. సర్పంచ్ సుగుణక్కకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. వానాకాలం చివర్లో జిల్లా నుంచి ఒక బృందం వచ్చి ఊళ్ళను చూస్తుందని, అన్ని ఇళ్ళకూ ఇంకుడు గుంతలున్న ఊరిని ఆదర్శ గ్రామంగా ప్రకటిస్తారని తెలిసిన రోజునే ఆమె నాకు ఫోన్ చేసింది.

"మేడం, మీరు గీతలు గీసియ్యుండ్రి చాలు. తవ్వుడు మేము తవ్వుకుంటం."

ఇంకుడు గుంతను మేము సోక్ పిట్ అంటాం. నాలుగడుగుల లోతు గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన కంకర, ఆపైన దొడ్డు ఇసుక పరుస్తాం. వాడిన నీళ్ళు పైపులోంచి అందులో పడి నేలలోకి ఇంకిపోతాయి. కిటుకేమీ లేదు. కిటుకంతా ఊరంతటినీ ఒప్పించడంలోనే ఉంటుంది. నా సర్వీసులో చాలా ఊళ్ళు చూశాను, జనం తమంతట తాము గడ్డపారలు పట్టుకొచ్చిన ఊరు మాత్రం అదొక్కటే. మహిళా సంఘం ఆడవాళ్ళు పొద్దున్నే ఇంటింటికీ తిరిగేవారు. పంచాయతీ గోడకు నల్లబల్ల తగిలించి, గుంత లేని ఇళ్ళ పేర్లు దాని మీద రాసేవారు, తవ్వినవాళ్ళ పేరు తుడిచేసేవారు. ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది. మండలం మీటింగులో దాని గురించి గొప్పగా చెప్పాను కూడా.

నెలన్నర గడిచేసరికి బల్ల మీద ఒకే ఒక్క పేరు మిగిలింది. సత్తయ్య.

ఊళ్ళో ఇంకా మగ్గం నేస్తున్న రెండు మూడు ఇళ్ళలో ఆయనది ఒకటి. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. ఇద్దరు కొడుకులూ భివండిలో పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తారు. ఆయనా, భార్య లచ్చవ్వా ఆ ఒక్క మగ్గం మీదే బతుకుతున్నారు. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఆయన గుమ్మంలో నిలబడి ఒకటే మాట అన్నాడు. "మాకు వద్దు బిడ్డా."

మొండివాడనుకున్నాను. ఊళ్ళో వాళ్ళూ అదే అనుకున్నారు. ఆ తర్వాత లచ్చవ్వకు నల్లా దగ్గర బిందె పట్టుకోవడం కష్టమైంది. "మీ ఒక్క ఇంటి కోసం ఊరు పేరు వోవాల్నా" అని ఎవరో ఒకరు అనేవారు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, అందరూ నవ్వుతూనే అన్నారు. చివరికి ఒక పొద్దున సంఘం ఆడవాళ్ళు ఇరవై మంది వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చున్నారు. సత్తయ్య వాళ్ళ మొహాలు చూసి, "తవ్వుకోండ్రి" అని లోపలికి వెళ్ళిపోయాడట.

గంటలో నేను అక్కడున్నాను. గుంత గోడకు దూరంగా ఉండాలని మాకు శిక్షణలో చెప్పారు. ఆ ఇంటి ముందు అంత జాగ లేదు. మూడడుగులుంటే చాల్లే అని నాకు నేనే సర్దిచెప్పుకుని సున్నం పోశాను. పోస్తున్నంతసేపూ గోడ అవతలి నుంచి మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది. సాయంత్రానికి గుంత నిండా రాళ్ళు, కంకర, ఇసుక పడ్డాయి. ఫోటో తీసి ఆన్‌లైన్‌లో ఎక్కించాను. బల్ల మీది ఆఖరి పేరు తుడిచేటప్పుడు డప్పు కొట్టారు, నాకు శాలువా కప్పారు. సంతోషంగానే కప్పించుకున్నాను.

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు సుగుణక్క ఫోన్. "మేడం, జెర జల్ది రాండ్రి. సత్తయ్య తాత ఇంట్ల నీళ్ళొచ్చినయి."

అప్పటిదాకా నేను ఆ ఇంటి గడప దాటలేదు. లోపలికి వెళ్ళగానే అర్థమైంది. అది గుంట మగ్గం. నేత మనిషి నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి వేలాడేసి, అక్కడున్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంట సరిగ్గా వీధి గోడను ఆనుకునే ఉంది. గోడకు ఇవతల వాళ్ళ గుంట, అవతల నేను గీత గీసిన గుంత. వానకు నా గుంత నిండి, ఆ నీరు పునాది కింది నుంచి వాళ్ళ గుంటలోకి ఊరింది. మోకాలి లోతు మురికి నీళ్ళు. పైన పడుగు, అంటే మగ్గం పొడవునా సాగదీసి గంజి పెట్టిన నూలు, తేమకు మెత్తబడి దారాలు జారిపోయాయి, అక్కడక్కడా బూజు. ఒక చీర సగం నేసి ఆగి ఉంది.

సత్తయ్య చెంబుతో నీళ్ళు తోడుతున్నాడు. నేను, "ముందే చెప్పుంటే బాగుండు గద తాతా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఆయన చెంబు పక్కన పెట్టాడు. కోపం లేదు, నెమ్మదిగానే అన్నాడు. "వద్దని చెప్పిన గద బిడ్డా. ఎందుకు వద్దంటున్నవని మీల ఒక్కలన్న అడిగిన్రా? మగ్గం సప్పుడు మీకు ఇనవడుతనే ఉండె. జెర సల్లదనం ఉంటె నూలుకు మంచిదే. గిది సల్లదనం గాదు, ఊట. గుంట ఆరి, మల్ల పడుగు వోసుకునేదాంక నాకు పనేంది?"

కొలతల మనిషిని, గోడ బయటి వైపు మాత్రమే కొలిచాను.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ దగ్గర గ్రామసభ పెట్టారు. గుంత పూడ్చాలన్నది అందరికీ తెలుసు. పూడిస్తే లెక్కలో ఒక ఇల్లు తగ్గుతుంది, ఇన్ని నెలల కష్టం పోతుంది. జనంలోంచి ఒకాయన, "ఫోటో అయితే ఎక్కింది గద మేడం. పైన మట్టి కప్పేసి ఊకుంటె ఎవనికి ఎర్క?" అన్నాడు. నిజం చెప్పాలంటే, రాత్రి నాకూ ఆ ఆలోచన వచ్చింది. నా ఎం.బుక్‌లో అది అయిన పనే.

అప్పుడు లచ్చవ్వ లేచింది. సభలో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి అని తర్వాత చెప్పారు.

"ఇన్నొద్దుల సంది ఊరి కోసం, ఊరి కోసం అన్నరు. మేము ఏ ఊరోల్లం?"

సత్తయ్య ఇంటికి ఎదురుగా ఉండే ఖాజా భాయ్, దుప్పట్లు అమ్ముకునే మనిషి, గొంతు సవరించుకున్నాడు. "మా పెరట్ల జాగ ఉన్నది. మా గుంతనే పెద్దగ చేద్దాం. వాళ్ళ నీళ్ళు పైపు గుంజి గీడ కలుపుండ్రి. రెండిండ్లకు ఒకటే." పథకం లెక్కలో ఇంటికొక గుంత ఉండాల్సిందే, రెండిళ్ళకు ఒకటి అంటే ఊరు పూర్తికానట్టే అని నేను చెప్పాను. సుగుణక్క తల వంచుకుని ఉంది. ఆ పేరు కోసం అందరికంటే ఎక్కువ తిరిగింది ఆమే. కొంగుతో మొహం తుడుచుకుని, "కాకపోతె కాకపాయె" అంది.

నేను ఎం.బుక్‌లో ఆ పని రద్దు చేసి, నేను గుర్తు పెట్టిన చోటే తప్పని కింద రాసి సంతకం పెట్టాను. ఆఫీసులో మాటలు పడ్డాను, అవి ఇక్కడ అవసరం లేదు. తవ్విన చేతులే గుంతలో మొరం మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టాయి. మగ్గం గుంట ఆరడానికి దాదాపు నెల పట్టింది. కొత్త పడుగు సాగదీసే రోజున వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా మనుషులు నిలబడి పట్టుకున్నారు. నల్లా దగ్గర లచ్చవ్వను ఆటపట్టించినవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు. నేనూ ఒక కొస పట్టుకున్నాను. అంత జాగ్రత్తగా నేను ఏ టేపూ పట్టుకోలేదు.

బృందం వచ్చిన రోజు ఆఫీసర్ జాబితా చూసి, "అన్ని ఇళ్ళకూ ఉన్నాయా?" అని అడిగాడు.

"లేవు సార్, ఒకటి తక్కువ," అంది సుగుణక్క. "ఎందుకు తక్కువనో చూపిస్త, రాండ్రి."

అందరికంటే ముందు సత్తయ్య ఇంటికే తీసుకుపోయింది. వాళ్ళు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళారు. ఆయన తలెత్తకుండా నేస్తూనే ఉన్నాడు. గోడకు ఇవతల ఏముందో, అవతల ఏం జరిగిందో, చివరికి తాము ఏం చేశారో సుగుణక్క పూసగుచ్చినట్టు చెప్పింది. తాము చేసిన తప్పును కూడా తలెత్తి చెప్పింది. ఆ ఊళ్ళో అంత గర్వంగా మాట్లాడిన గొంతు నేను అంతకుముందు వినలేదు.

ఆ ఏడు ఆదర్శ గ్రామం పేరు వేరే ఊరికి వచ్చింది. ఆ ఊళ్ళో కొందరు గొణిగారు, తర్వాత మానేశారు.

నేను ఇప్పుడు రాయపోల్ వైపు పనిచేస్తున్నాను. ఏ ఊరికి పోయినా, "ఊరంతా ఒప్పుకున్నది మేడం" అని సంబరంగా ఎదురొస్తారు. టేపు సంచిలోనే ఉంచి, ఒప్పుకోని ఇల్లు ఏదని అడుగుతాను. మొదట లేదంటారు. కాసేపాగితే, ఒకటుంది గానీ వాళ్ళ సంగతి వదిలేయండి అంటారు. ముందు ఆ ఇంటికే వెళ్తాను.