హాల్లో లేచిన పొగగొట్టం

రుషికొండ దగ్గర కొత్తగా ఫ్లాటు కొన్న మా మేనకోడలు మొన్న ఫోనులో నాలుగు బొమ్మలు పంపి, హాల్లో పెట్టించుకునే ఫైర్‌ప్లేసుకు నల్లరాయి బాగుంటుందా, తెల్లచెక్క బాగుంటుందా అని అడిగింది. కరెంటుతో వెలిగే ఉత్తుత్తి మంటట, పైన ఏసీ వేసుకుని చూస్తారట. నాకు ఒళ్లు మండిపోయింది. దానిమీద కాదు లెండి, కాలం చేసిన మా ఆయన మీద.

డెబ్బైల చివర గోపాలపట్నంలో మేం ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, పోర్టులో గుమాస్తాగా ఉన్న ఆయన ఫైళ్లు పట్టుకుని ఆఫీసరుగారి పాత బంగళాకు వెళ్లి, అక్కడ దొరల కాలం నాటి ఫైర్‌ప్లేసు, అదే గోడలో చలిమంట గూడు, చూసి వచ్చారు. అంతే, బనీను చెమటకు తడిసి ముద్దయ్యే ఈ ఊళ్లో మనకూ అలాంటిది ఉండాలని కూర్చున్నారు. ఉన్న ఇటుకతో ఒక్క పొగగొట్టమే లేస్తుందని తాపీమేస్త్రి చెబితే, వంటింట్లో వద్దు, హాల్లో లేపమన్నారు. మా అత్తగారు ఉండబట్టలేక, "పొయ్యి ఈడ, గొట్టం ఆడానా? ఏటిరా ఇది?" అన్నారు. కన్నతల్లి మాటే వినని మనిషి నా మాట వింటారా!

దానికి ఆయన చేసిన సింగారం అంతా ఇంతా కాదు. కడపరాతి అరుగు, దానిమీద ప్లాస్టిక్ పువ్వులు, మా పెళ్లి ఫోటో, లోపల ఎర్రకాగితం చుట్టిన బల్బు. వీధివీధంతా వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లేవారు. గోడకు ఇవతల నేనూ, అసలే ఆయాసం మనిషైన అత్తగారూ రంపపుపొట్టు పొయ్యి ముందు కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ వండేవాళ్లం.

ఒక ముసురునాడు ఆవిడ ఊపిరి అందక గోడకు జారగిలబడిపోయారు. నేనింక ఆగలేదు, బల్బు పీకి అవతల పెట్టి, పొయ్యి తెచ్చి ఆ గూట్లో వెలిగించాను. పొగ తిన్నగా పైకి పోయింది. అత్తగారు హాల్లో కూర్చుని, "హమ్మయ్య, ఇప్పుడు బాగుందమ్మా" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆయన ఆఫీసరుగారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆఫీసరుగారు వెళ్లాక, "పరువు తీసీసినావు" అని మా ఆయన అన్న ఒక్క మాటతో పొయ్యి మళ్లీ వంటింటికి చేరింది, తెల్లారేసరికి మసి కడిగించి సున్నం కూడా వేయించారు.

ఆ చలికాలమే అత్తగారు పోయారు. గ్యాసు ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ మీట నొక్కితే పొగ లాగేసే చిమ్నీలున్నాయి, మంచిదే, ఈ కాలం ఆడపిల్లల కళ్లు చల్లగా ఉన్నాయి. కానీ ఆ ఒక్క గొట్టం గోడకు ఇవతల లేచి ఉంటే ఆవిడ ఇంకొన్నేళ్లు ఊపిరి పీల్చుకునేవారని నేను ఆయనతో ఒక్కనాడూ అనలేదు. అనవలసింది.