గంప దించిన చోటు

2019 సెప్టెంబరు 3, మంగళవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఆకాశం నిండా మబ్బు, తూర్పుగాలి, వాన లేదు. శ్రీకాకుళంలో మా వీధి మలుపున చేపలమ్మే స్త్రీ కేక వినిపించింది. "సేపలో" అన్న ఆ పిలుపు తడిగాలిలో చాలాసేపు తేలింది. దాని వెంటే నా మనస్సు మా మేడమీది గదికి వెళ్ళింది. 2012 జూన్ నుంచి 2017 మే వరకు ఆ గదిలో రోహిణి అద్దెకు ఉండేది. డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకురాలు, వయస్సులో నాకంటే ఇరవై ఆరేళ్ళు చిన్నది. గణాంక శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి విరమించిన నేను ఆ అమ్మాయి దగ్గర మళ్ళీ చదువుకున్నానంటే మా బంధువులు నవ్వుతారు. అయినా అది నిజం.

రోహిణిది శ్రీకూర్మం అవతల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న చేపలవాళ్ళ పల్లె. ఆమె పరిశోధన చికానా స్త్రీల ఆలోచనల మీద. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. ఒక సాయంత్రం మేడమీద ఆరిన బట్టలు తీస్తూ ఉంటే, వాళ్ళెవరని అడిగాను.

"మెక్సికో మూలాలున్న అమెరికా ఆడోళ్ళు బాబాయ్ గారూ. ఆళ్ళ ముత్తాతలు కొందరు ఎక్కడికీ ఎల్లనేదు. మెక్సికోకీ అమెరికాకీ యుద్ధం అయ్యాక దేశం గీతే జరిగి, ఆళ్ళ ఇళ్ళు దాటి అవతలికి పోనాది."

"ఏ సంవత్సరం?"

"1848."

సంవత్సరం చెప్పింది కనుక నమ్మాను. వాళ్ళ మాటను అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా శుద్ధం కాదని ఎగతాళి చేశారట. ఇంటి భాషకు బడిలో సిగ్గుపడమని పిల్లలకు నేర్పారట. "నాకూ అదే నేర్పినారు. కొన్నాళ్ళు సిగ్గు పడినాను, తరవాత మానీసినాను," అంది. నిజంగానే ఆమె తరగతిలోనూ, ప్రిన్సిపాల్ ఎదుటా తీరపు మాటే మాట్లాడేది. బట్టలు మడతపెడుతూ, ఎవరికో కల చెబుతున్నట్లు మెల్లగా మాట్లాడే ఆ గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

ఆదివారాలు ఆమె తన పల్లెకు వెళ్ళేది. కొన్నిసార్లు నేనూ వెంట వెళ్ళాను. చేపల బేరం ముగిసిన తరువాత స్త్రీలు ఇసుకలో కూర్చునేవారు. శీతాకాలపు మంచులో నీరు ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. రోహిణి తడి ఇసుకలో వేలితో ఒక గీత గీసి, అటు ఒక దేశం, ఇటు ఒక దేశం అని చూపించేది. కథ సగంలో ఉండగానే అల వచ్చి గీతను తీసుకుపోయేది. ఆమెకు పిన్ని వరసైన నూకాలమ్మ, భర్త సముద్రంలో పోయిన మనిషి, ఒకసారి అడిగింది.

"ఆళ్ళ మొగోళ్ళు ఏటంటారే?"

"భూమికీ కూలికీ అందరూ కలిసే కొట్లాడినారు పిన్నీ. ఆడోళ్ళు తమ మాట ఎత్తితే, ముందు మన జనం సంగతి సూద్దాం, మీ సంగతి తరవాత, ఈలోపు మీటింగుకి వంట సెయ్యండి అన్నారు."

"అయితే ఆళ్ళు మనోళ్ళేనే," అంది నూకాలమ్మ. అందరూ నవ్వారు. ఆ మంచులో, ఎన్నడూ చూడని ఆ స్త్రీలు కూడా అదే వరుసలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నట్లు నాకు తోచింది.

2015లో సముద్రం ఆ పల్లెను కోయడం మొదలుపెట్టింది. పల్లెను లోపలికి జరిపి ఇంటికొక స్థలం ఇస్తామని ప్రభుత్వం వారు అన్నారు. ఎన్ని ఇళ్ళో కులపెద్దలు తేల్చి చెప్పాలి. వారి ఆచారం ప్రకారం వేటకు వెళ్ళే మగవాడున్నదే ఇల్లు. వితంతువు వేరుగా కాపురం ఉన్నా ఆమెను మరిది ఇంట్లో కలిపి లెక్కిస్తారు. నూకాలమ్మ ఇద్దరు కూతుళ్ళతో ఉంటున్న పాక వెనుక గోడకు అప్పటికే అల తగులుతోంది. లెక్కలో మాత్రం ఆ పాక లేదు. రోహిణి వెళ్ళి కులపెద్ద బంగారయ్యను అడిగింది. "ముందు ఊరు లెగనీ అమ్మీ. ఆడోళ్ళ మాట తరవాత," అన్నాడాయన. కోపం లేకుండానే అన్నాడు.

లెక్క శుభ్రంగా రాసిపెట్టమని పెద్దలు నన్ను పిలిచారు. మగవారు ఇసుకలో గుండ్రంగా కూర్చున్నారు. ఇంకా మొదలుకాకముందే వితంతువులు ఒక్కొక్కరే వచ్చి, పెద్దల ముందు ఖాళీ గంప దించి, వెనుక నిలబడ్డారు. ఆ తీరంలో ఒక కట్టుబాటు ఉంది. పడవ రాకముందే స్త్రీ ఒడ్డున గంప దించి వెళితే ఆ చోటూ, చేపల్లో వంతూ ఆమెవి. ఆమె తిరిగి వచ్చేదాకా ఆ గంపను మగవాడైనా సరే కదపకూడదు.

"ఏటే నూకాలూ, గంపలు కూడా పంచాయితీకి ఒచ్చీసినాయా?" అన్నాడు బంగారయ్య.

"ఒచ్చినాయి మావా. నీ సేపలు ఇన్నాళ్ళూ మోసినవి ఇవే కదా. అడ్డమైతే తీసీ."

ఎవరో నవ్వబోయి ఆగారు. బంగారయ్య చెయ్యి చాచలేదు. ఆ చుట్టూ ఉన్న ఏ మగవాడూ చాచలేదు. ఆయన గంపలను ఒక్కొక్కటిగా చూపుతోనే లెక్కపెట్టి, నావైపు తిరిగాడు. "రాసుకోండి బాబూ. గంపకో ఇల్లు."

తిరిగి వస్తూ బస్సులో రోహిణిని అడిగాను, ఇది నువ్వు చెప్పిందేనా అని. "నాను ఆ దూరపోళ్ళ కథ సెప్పినాను, అంతే. గంపలు ఈళ్ళవే బాబాయ్ గారూ," అని కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

రెండేళ్ళకు ఆమెకు విజయనగరం బదిలీ అయింది. సంఖ్యలను నేను ఇప్పటికీ నమ్ముతాను. అయితే ఏ మొత్తాన్ని చూసినా, దాన్ని కూడినప్పుడు ఎవరిని వెనుక నిలబెట్టారని ముందుగా అడుగుతాను. ఈ ప్రశ్న ఆమె ఇచ్చినదే. ఆ రోజు తేలిన లెక్క ఇది: మగవారి పేరున ఎనభై ఆరు ఇళ్ళు, గంపల పేరున పదకొండు. మొత్తం తొంభై ఏడు.