పంచదార లేని దగ్గుమందు

నా చిన్నప్పుడు, యాభైల చివర్లో, మేము బందరులో ఉండేవాళ్ళం. మా అమ్మమ్మ అంతకుముందు మిషన్ బడిలో పంతులమ్మగా చేసింది. పని మానుకున్నాక కూడా ఊరుకోలేదు. రోజూ మధ్యాహ్నం ఊరి చివర జాలర్ల పేట గిలకలదిండి వెళ్ళి, అక్కడ చేపలు అమ్ముకుని వచ్చిన ఆడవాళ్ళను ఒక పాకలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పేది. ఆ సంవత్సరం వాళ్ళు తమ పేటకి మంచినీళ్ళ కుళాయి కావాలని అర్జీ రాయించుకున్నారు. అది తీసుకోవడానికి శుక్రవారం ఆఫీసరుగారు వస్తారని కబురు వచ్చింది.

“పదిహేడు మందీ సంతకాలే పెట్టాలి. వేలిముద్రలు ఒప్పుకోను” అని అమ్మమ్మ పట్టుపట్టింది.

సరిగ్గా ఆ శుక్రవారానికి ముందు వారమే ఆవిడకి రొంప పట్టింది. రొంప నాలుగు రోజులకి తగ్గింది గానీ పొడిదగ్గు మిగిలిపోయింది. కఫం లేదు, జ్వరం లేదు, ఊరికే గొంతులో ఈకతో గీరినట్టు దగ్గు. పలక పట్టుకుని రెండక్షరాలు పలికేసరికి దగ్గు తెర వచ్చి కళ్ళనీళ్ళు తిరిగేవి. ఇంకొకళ్ళయితే అల్లం రసంలో తేనె కలుపుకునో, మిరియాలూ పటికబెల్లమూ నమిలో గొంతు సర్దుకునేవాళ్ళు. అమ్మమ్మకి చక్కెర జబ్బు. తీపి అన్నది మా ఇంట్లో పాము పేరు లాంటిది. ఆ రోజుల్లో కాంపౌండర్లు ఇచ్చే దగ్గుమందేమో బెల్లం పాకంలా ఉండేది.

మా పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. ఆవిడే అమ్మమ్మని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన గుండెకి గొట్టం పెట్టి విని, ఇంకేం మందులు వాడుతున్నారో అడిగి, పంచదార పాకం లేకుండా దగ్గుమందు కలపమని రాసిచ్చారు. సీసా పక్కన గాట్లు పెట్టిన కాగితం పట్టీ అంటించి ఉంది. ఒక గాటు నుంచి ఇంకో గాటుకి ఒక మోతాదు.

అమ్మ మా పిన్ని పురిటికని గుడివాడ వెళ్ళింది, నాన్న పగలంతా కచేరీలో ఉద్యోగానికి వెళ్ళేవారు. అమ్మమ్మకి చూపు సరిగా ఆనదు. అందుకని సీసా నా చేతికే వచ్చింది. నాకప్పుడు పదేళ్ళు. అక్క నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పింది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గాటు. చెంచాతో కాదు, ఔన్సు గ్లాసుతో కొలవాలి. ఇది మత్తు తెప్పిస్తుంది, దగ్గు తగ్గలేదని మళ్ళీ పోయకూడదు. ఇన్ని మాటల్లో నా బుర్రకెక్కింది ఒక్కటే, ఇందులో పంచదార లేదని. మా ఇంట్లో అందరూ భయపడేది తీపికే కదా! తీపే లేనప్పుడు ఇక ఇందులో చెడు చేసేదేముందనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గాటు పోశాను. దగ్గు తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. పదకొండు మందికి ఇంకా సంతకం కుదరలేదు, మిగిలింది ఒక్క రోజు. అరగంట ఆగి ఇంకో గాటు పోసి, “అమ్మమ్మా, మందు టైమయింది” అని అబద్ధం చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా తాగేసింది. ఇంకాసేపటికి మూడోది పోశాను.

“అప్పుడేనా?” అంది.

“నువ్వు మధ్యలో కునుకు తీశావుగా” అన్నాను.

దగ్గు ఆగిపోయింది. నేను గెలిచాననుకున్నాను. గిలకలదిండి బయలుదేరే వేళకి లేపబోతే అమ్మమ్మ లేవలేదు. భుజం పట్టి కుదిపితే కళ్ళు సగం తెరిచి, ఏదో గొణిగి మళ్ళీ మూసుకుంది. ఊపిరి ఒకటి తీసుకున్నాక రెండోది ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడాల్సి వచ్చింది. గోడ పక్కగా పరిగెత్తి అక్కని పిలిచాను. అదృష్టం, ఆ పూట ఆవిడకి డ్యూటీ లేదు.

నేను మొహాన నీళ్ళు చల్లి, నోట్లో కాఫీ పోద్దామంటే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. “మత్తులో ఉన్న మనిషి నోట్లో ఏమీ పొయ్యకూడదు” అంటూ అమ్మమ్మని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టింది. తర్వాత సీసా తీసి వెలుతురుకి పట్టి చూసింది.

“ఎన్ని గాట్లు పోశావే?”

ఒకటే అని చెప్పాలనుంది. సీసా ఒలికిపోయిందని చెబుదామా అని కూడా అనిపించింది.

“నిన్ను కొట్టడానికి కాదమ్మా అడిగేది. లోపల మందెంత ఉందో తెలిస్తేనే డాక్టరుగారు ఏం చెయ్యాలో చూస్తారు. ఏడుపు తర్వాత. ముందు లెక్క చెప్పు.”

“మూడు. గంటన్నరలో మూడు” అన్నాను.

“సరే” అందంతే. రిక్షా పిలిచి, అమ్మమ్మని తన ఒళ్ళో ఆనించుకుని, సీసా నా చేతికిచ్చి ఎక్కించింది. దారి పొడుగునా ఆవిడ కళ్ళు అమ్మమ్మ ఛాతీ మీదే ఉన్నాయి. ఆసుపత్రిలో డాక్టరుగారికి నేనే చెప్పాలంది, నేనే చెప్పాను. ఆయన సీసా చూసి, ఊపిరి చూసి, లోపలికి తీసుకెళ్ళారు. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. నా జీవితంలో అంత పొడుగు సాయంత్రం మళ్ళీ చూడలేదు. దీపాలు పెట్టే వేళకి అక్క వచ్చి, “మీ అమ్మమ్మ గిలకలదిండి వెళ్ళాలంటూ పోట్లాడుతోంది, రా” అంది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

మర్నాడు ఇంటికొచ్చాక ఆ సీసా ఇక తన దగ్గరే ఉంటుందన్నారు నాన్న. అమ్మమ్మ ఒప్పుకోలేదు. “మందు నా మనవరాలే పోస్తుంది. చేసింది చెప్పగలిగిన పిల్ల, నేర్చుకోగలదు” అంది.

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. డాక్టరుగారు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పేదాకా సీసా బిరడా కూడా తియ్యలేదు. ఆ తర్వాత అక్క ఒక కాగితం గీసిచ్చింది. ఏ పూట, ఎన్ని గంటలకి, ఎన్ని గాట్లు. పోసిన వెంటనే రాసి, కింద నా పేరు రాయాలి. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్ళు ఇవ్వాలి, ఆవిరి పట్టించాలి. వారానికి దగ్గు తగ్గకపోయినా, జ్వరమొచ్చినా, ఆయాసమొచ్చినా మందు పెంచకుండా ఆసుపత్రికి రావాలి. ఆ కాగితంలో ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదని పంతం పట్టాను, వదల్లేదు.

శుక్రవారం పొద్దున్నే అమ్మమ్మ పాకలో కూర్చుంది. గొంతెత్తవద్దన్నారని, పలక మీద అక్షరం రాసి చూపించేది, నేను గట్టిగా పలికేదాన్ని. ఆవిడ రాని రెండు రోజులూ వాళ్ళే ఇసుకలో దిద్దుకున్నారట, ఆఫీసరుగారు వచ్చేసరికి పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. ముగ్గురికి ఇంకా కుదరలేదు. వాళ్ళలో ఒకావిడ సిరా అద్దుకున్న బొటనవేలు చాచి, “ఏం చేస్తాం పంతులమ్మగారూ, వచ్చే అర్జీకి రాస్తానండీ” అంది. అమ్మమ్మ నవ్వి తలూపింది.

ఇప్పుడు మందుల షాపుల్లో చక్కెర లేని దగ్గుమందులు రకరకాలు వచ్చాయి. చక్కెర లేదని రాసి ఉంటే చాలు, నా వయసు వాళ్ళు చాలామంది నిశ్చింతగా మూతలు మూతలు తాగేస్తారు. చక్కెర తీసేశారంటే మందు తీసేశారని కాదు కదా. నేను అట్ట మీది మోతాదు చదివి, వేసుకుంటున్న మాత్రలన్నీ డాక్టరుకి చెప్పి గానీ ముట్టుకోను. పిల్లలకైతే డాక్టరుని అడక్కుండా చుక్క కూడా పొయ్యనివ్వను.

కానీ ఆ రోజు నుంచి నేను మోసుకొస్తున్నది మందు సంగతి ఒక్కటే కాదు. తర్వాత పెళ్ళయ్యాక, ఉద్యోగంలో, పిల్లల్ని పెంచడంలో ఎన్నో తప్పులు చేశాను. చేసిన ప్రతిసారీ దాచేద్దామనే మొదట అనిపించింది. అయినా పెదవి కొరుక్కుని, ఎంత జరిగిందో అంతా ముందు చెప్పేశాను. ఏడవాల్సి వస్తే ఆ తర్వాతే ఏడ్చాను.