ఫొటోలో నేనొక్కణ్ణే

"మావయ్యా, వచ్చే ఆదివారం మీకు ఫొటో షూట్. అప్పటిదాకా గడ్డం గీసుకోకండి. ఎంతవరకు ఉంచాలో నేనొచ్చి చెప్తాను" అంది బావ కూతురు ఫోన్లో.

బావ అంటే నాకు చుట్టం కాదు. అవనిగడ్డలో మేమిద్దరం కలిసి ఇరవై రెండేళ్లు ఒక చిన్న ల్యాబ్ నడిపాం. రొయ్యల చెరువుల రైతులు నీళ్లూ రొయ్యలూ తెస్తే పరీక్ష చేసి చెప్పడం మా పని. నాది గుడివాడ, అతనిది నాగాయలంక. మొదట్లో ఏవండీ అంటే ఏవండీ అనుకునేవాళ్లం. ఎప్పుడు బావా అనుకోవడం మొదలుపెట్టామో గుర్తులేదు. అతను పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

అమ్మాయి విజయవాడలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. డాక్టర్లకీ బట్టల షాపుల వాళ్లకీ ఇంటర్నెట్టులో పేజీలు తయారుచేసి, వాళ్ల మొహాలు నలుగురికీ తెలిసేలా చేయడం ఆమె ఉద్యోగం. దాన్ని పర్సనల్ బ్రాండింగ్ అంటారట. నాకు అలాంటివి ఎందుకమ్మా అంటే ఒప్పుకోలేదు.

"జనం ల్యాబ్‌ని చూసి రారు మావయ్యా. మనిషిని చూసి వస్తారు. మీరు ఎలా ఉంటారో సగం మందికి తెలీదు."

ఆ మాట నిజమే. ల్యాబ్‌లో నేను లోపలివాణ్ణి, బావ బయటివాడు. మధ్య గోడకి ఒక చిన్న కిటికీ. రైతు వాటర్ బాటిల్లో తెచ్చిన చెరువు నీళ్లు ఆ కిటికీలోంచి లోపలికి వచ్చేవి. నేను పరీక్ష చేసి, అంకెలు వేసిన కాగితం అదే కిటికీలోంచి బయటికి ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాత సంగతి బావది. మంచి కబురైతే కాగితం చూడకుండానే చెప్పేసేవాడు. చెడ్డ కబురైతే కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ రైతు దగ్గరికి జరుపుకునేవాడు. వాళ్ల ఊరి రోడ్డు గురించీ, పిల్లల చదువుల గురించీ అడిగేవాడు. ఎదుటి మనిషి కాస్త కుదుటపడ్డాడని తెలిశాకే అసలు విషయం చెప్పేవాడు. లోపల్నించి వింటూ నేను విసుక్కునేవాణ్ణి. ఇంకో నాలుగు బాటిళ్లు వరసలో ఉన్నాయి, ఈ కబుర్లేమిటా అని.

బావకి కాలేయం చెడింది. విజయవాడ ఆసుపత్రిలో నెలన్నర ఉంచి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. మధ్యాహ్నం ల్యాబ్‌కి తాళం వేసి రోజూ వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. మంచం మీద పడుకునే ఫోన్లు ఎత్తేవాడు. ఒకరోజు గొంతు రాక, ఫోను నా చేతికిచ్చి మాట్లాడమని సైగ చేశాడు.

"అమ్మోనియా ఎక్కువగా ఉందండీ. మేత తగ్గించి, నీళ్లు మార్చండి" అని చెప్పి పెట్టేశాను.

బావ కళ్లు మూసుకునే నవ్వాడు. "కాగితం చదివావు బావా. మనిషితో మాట్లాడలా."

"నావల్ల కాదు. ఆ పని నీదే."

"నాదే అంటే, ఎన్నాళ్లు?"

మజ్జిగ తీసుకొస్తున్న చెల్లెమ్మ, అంటే బావ భార్య, ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లాసుతోనే వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత బావ ఇరవై రోజులున్నాడు. రోజూ ఒకటో రెండో ఫోన్లు నాచేత మాట్లాడించి, ఎక్కడ తప్పు మాట్లాడానో చెప్పేవాడు. నేను పెద్దగా నేర్చుకోలేదు.

అతను పోయాక నేను కిటికీ వదిలి ముందు గదిలో కూర్చోవడం మొదలుపెట్టాను. రైతులు వచ్చేవారు, ఆ కుర్చీలో నన్ను చూసి ఒక క్షణం తడబడేవారు. "ఎన్నో ఏళ్లుగా వస్తున్నానండీ, ఆ కిటికీ వెనకాల మిషనేదో ఉందనుకున్నా" అన్నాడొకాయన. ఎగతాళికి అనలేదు, నిజంగానే అనుకున్నాడు. రెండు మూడు నెలల్లో బాటిళ్లు సగానికి సగం తగ్గిపోయాయి. ఈ సంగతి నేను చెప్పకుండానే అమ్మాయికి తెలిసింది.

షూట్‌కి మూడు రోజుల ముందు నన్ను బందరు రమ్మంది. కోనేరు సెంటర్ దగ్గర ఒక షాపులో నాకు నీలం చొక్కా ఎంచింది. నేను తెల్లది తీసుకుంటే, తెల్లదైతే రాజకీయ నాయకుడిలా ఉంటారు అంది. చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎవరింటికో పెళ్లిచూపులకి బయల్దేరిన పెద్దమనిషిలా ఉన్నాను. "బాగుందా?" అని అడిగాను. "బాగుంది. భుజాలు వంచకండి" అంది.

అక్కణ్నుంచి ఫొటోగ్రాఫర్ స్టూడియోకి వెళ్లాం. నలభై ఏళ్ల మనిషి, ఎక్కువగా పెళ్లిళ్లు తీస్తాడు. "సార్, మీకు ఎటువైపు నుంచి తీస్తే బాగుంటారు?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. పాత ఫొటోలు ఏవైనా చూపించండి, అందులో చూసి చెప్తానన్నాడు. నా ఫోను తీసి ఇచ్చాను.

రైతుల మీటింగులు, ల్యాబ్ వార్షికోత్సవాలు, ఎవరి చెరువు గట్టు మీదో భోజనాలు. అన్నింటిలోనూ మధ్యలో బావ ఉన్నాడు. నేను ఒకదాంట్లో భుజం, ఒకదాంట్లో వెనక తల. మొహం పూర్తిగా ఉన్నది ఒక్కటే. మైక్రోస్కోపు కొన్న రోజున దాని అట్టపెట్టె ముందు ఇద్దరం నిలబడి తీయించుకున్నది. నా భుజం మీద బావ చెయ్యి.

"ఇది బాగుంది" అంటూ అమ్మాయి ఫోను తీసుకుంది. పనిలో అలవాటైన వేగంతో వేలితో అంచుని లాగింది. బావ పక్కకి జరిగి, జరిగి, మాయమయ్యాడు. తెర మీద నేను మిగిలాను, భుజం మీద నాలుగు వేళ్లు మిగిలాయి.

ఏం చేసిందో అప్పుడు తెలిసినట్టుంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"సైజు ఎలా వస్తుందో చూద్దామని, మావయ్యా" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

ఫొటోగ్రాఫర్ ఏమీ అర్థంకాక మా ఇద్దరి మొహాలూ చూశాడు.

సాయంత్రం ఇద్దరం అవనిగడ్డ బస్సెక్కాం. చల్లపల్లి దాటాక అమ్మాయి తన ఫోను తీసింది. పేజీలో నా గురించి రాసింది చదివి వినిపించింది. 'నేను ఇరవై రెండేళ్ల క్రితం ఈ ల్యాబ్‌ని స్థాపించాను. నేను వేల చెరువులను పరీక్షించాను.' ప్రతి వాక్యం నేనుతోనే మొదలవుతోంది.

"నేను కాదమ్మా. మేము అని రాయి."

"మేము అంటే ఎవరు అని అడుగుతారు మావయ్యా."

"అడిగితే చెప్తాను. మీ నాన్న పేరు తీసేసి నేను స్థాపించానంటే ఎట్లా? ఆ మాట నా నోట రాదు."

"పేరు వేరే చోట రాస్తాను. ఇది మీ గురించి."

"నా గురించి విడిగా చెప్పడానికి ఏముంది?"

అప్పుడే ఆమె సంచిలో ఇంకో ఫోను మోగింది. తీసి చూసింది. అది బావ ఫోను. అంతవరకు అది ఆమె దగ్గర ఉందని నాకు తెలియదు.

"లేరండీ" అంది ఫోన్లో. "నేను వాళ్ల అమ్మాయిని. కాదండీ, ఊళ్లో లేకపోవడం కాదు. చనిపోయారు. ఎనిమిది నెలలైంది. కాలేయం. అవునండీ. పర్లేదండీ, మీకు తెలీదు గదా." తర్వాత నా నంబరు చెప్పింది. ఒక్కో అంకె రెండేసి సార్లు.

ఫోను సంచిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది. బయట కోతలైపోయిన పొలాలు. అటు తిరిగే అంది.

"రోజుకి రెండైనా వస్తాయి మావయ్యా. ఆఫీసులో మీటింగులో ఉన్నా వస్తాయి. ప్రతివాళ్లకీ మొదట్నించి చెప్పాలి. వాళ్లు అయ్యో అంటారు, నేను పర్లేదండీ అంటాను. అమ్మ దగ్గరుంచితే ఫోనొచ్చిన రోజు అన్నం తినడం లేదు. సిమ్ తీసేద్దామంటే ఒప్పుకోదు. మీ మొహం, మీ నంబరు జనానికి తెలిస్తే వాళ్లు మీకే చేస్తారు గదా అని..."

చున్నీతో మొహం తుడుచుకుంది.

ఇన్నాళ్లూ ఇదంతా నా ల్యాబ్ కోసం, నా మీద జాలితో చేస్తోందనుకున్నాను. బావ అయితే ఓదార్పుగా ఏదో ఒకటి అనేవాడు.

"నేను అనే రాయమ్మా" అన్నాను.

ఆదివారం ఉదయం కోడూరు దగ్గర ఒక రైతు చెరువుకి వెళ్లాం. బావకి బాగా కావలసినవాడు. ఫొటోలకి చెరువు గట్టు కావాలంటే, దానికేముంది రండి అన్నాడు. నీలం చొక్కా వేసుకుని గట్టు మీద నిలబడ్డాను. ఫొటోగ్రాఫర్ చేతులు కట్టుకోమన్నాడు, కట్టుకున్నాను. నవ్వమన్నాడు, పళ్లు కనిపించాయి గానీ నవ్వు రాలేదు. చివరికి, మేత తిన్నాయో లేదో చూసే వల పళ్లెం నీళ్లలోంచి పైకెత్తి చూస్తున్నట్టు నిలబడమన్నాడు.

ఎత్తాను. మేత అలాగే ఉంది. నాలుగు రొయ్యలున్నాయి. ఒకదాన్ని తీసి తల మీద పెంకు వెలుతురుకి పెట్టి చూశాను. తెల్లమచ్చలు.

"రెండ్రోజుల్నించీ మేత సరిగ్గా తినట్లేదండీ. చలికేమో అనుకున్నా" అన్నాడు రైతు.

అతని పక్కన కూర్చోవాలని తెలుసు. ముందు వేరే మాటేదైనా ఎత్తాలనీ తెలుసు. బావ అన్ని రోజులు చెప్పాడు. కానీ నా నోట్లోంచి వచ్చింది ఇది.

"తెల్లమచ్చ రోగం. రొయ్యలు ఇవాళే పట్టేయండి. రేపటికి ఉండవు."

అతను నా వైపు చూడలేదు. పళ్లెం వైపూ చూడలేదు. గట్టు మీద చతికిలబడి, "ఇంకో ఇరవై రోజులుంటే సైజుకి వచ్చేవండీ" అన్నాడు. అదే మాట ఇంకోసారి అన్నాడు. నేను ఆలస్యంగా అతని పక్కన కూర్చున్నాను. అతని భుజం మీద చెయ్యి వేశాను. చాలాసేపటికి లేచి, రొయ్యలు కొనేవాళ్లకి ఇద్దరం కలిసి ఫోన్లు చేశాం.

ఇదంతా అవుతున్నంతసేపూ కెమెరా ఆడుతూనే ఉంది. వచ్చేటప్పుడు కారులో ఫొటోగ్రాఫర్ చూపించాడు. "సార్, ఇవి చాలా సహజంగా వచ్చాయి. రైతు కష్టంలో మీరు పక్కన ఉన్నట్టు. ఇంతకన్నా మంచివి రావు."

అమ్మాయి కెమెరా తీసుకుని ఒక్కొక్కటే చూసింది. నిజంగా బాగున్నాయి. వాటిలో నేను తెలిసినవాడిలా, ధైర్యం చెప్పేవాడిలా ఉన్నాను.

"ఇవి తీసేయండి" అంది.

"అన్నీనా మేడమ్?"

"అన్నీ. నా ముందే తీసేయండి."

ల్యాబ్‌లో ఇంకో గంట తీశారు. వాటిలో ఒకదాన్ని పేజీలో పెట్టింది. బల్ల వెనక కూర్చుని, గాజు గొట్టం పట్టుకుని, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా బిగుసుకుని ఉంటాను. కింద 'నేను' అనే ఉంది. రైతులు కొందరు తిరిగొచ్చారు. కొందరు రాలేదు. ఆ కోడూరు రైతు రొయ్యలు పట్టిన మర్నాడే ఫోన్ చేసి, సరుకు సగానికి పైగా చేతికొచ్చిందని చెప్పాడు. మీరు చెప్పబట్టి అన్నాడు. ఆయనుంటే అని మొదలుపెట్టి ఆగాడు. నేనూ అదే అనుకుంటున్నానని చెప్పాను. అలా ఒక రైతుతో పనితో సంబంధం లేని మాట మాట్లాడటం నాకు అదే మొదలు.

ఆ వారంలోనే చెల్లెమ్మకి చూపిద్దామని పేజీలో పెట్టిన ఫొటో పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బావ పదకొండో రోజు కర్మ తర్వాత ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లలేదు. ఎప్పుడు వెళ్లినా వాకిట్లోంచే మాట్లాడి వచ్చేసేవాణ్ణి. ఆమె చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఫొటోని దగ్గరగా చూసింది. పక్కన ఎవరూ లేరనే సంగతి అంటుందేమోనని భయపడ్డాను.

"బాగా చిక్కిపోయారు అన్నయ్య గారూ" అంది. "లోపలికొచ్చి కూర్చోండి. అన్నం పెడతాను."

తినే వచ్చానని చెప్పబోయాను. అప్పటికే ఆమె కంచం కడుగుతోంది. బీరకాయ కూర, పప్పుచారు. ఆమె ఎదురుగా పీట మీద కూర్చుంది. ఇద్దరం బావ గురించి మాట్లాడలేదు. గుడివాడలో మా అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, చెప్పాను. మారు వడ్డిస్తుంటే నేను వద్దనలేదు.