బుధవారం వేరుశనక్కాయలు

సిస్టరమ్మ పోయిందన్న కబురు సోమవారం పొద్దున మా కిరాణా కొట్టు తెరుస్తుంటే తెలిసింది. గుండెపోటట. వెంటనే నా తలలోని గొంతు అంది, "నువ్వే సంపీసినావు." పదిహేనేళ్ళుగా వినబడుతున్న గొంతే. దానితో తగువాడే ఓపిక నాకు లేదు.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకి చెబుతున్నాను. రిటైరైన నర్సు. చీపురుపల్లిలో తన ఇంటి వరండాలో ప్రతి బుధవారం నాతో కలిపి ఆరుగురిని కూర్చోబెట్టేది. అందరమూ ఇలాంటి గొంతులతో వేగుతున్నవాళ్ళమే. ఊపిరిని గమనించడం, మనమీద మనం దయగా ఉండడం నేర్పేది. మందులు మానితే మాత్రం ఊరుకునేది కాదు.

మొదటి బుధవారం ఒక కాయితం చూసి చదువుతూ అందరినీ కళ్ళు మూసుకోమంది. మూసుకున్నాను. చూడ్డానికేమీ లేకపోయేసరికి గొంతు చెలరేగిపోయింది. లేచి రైల్వే స్టేషన్ దాకా పరుగెత్తాను. ఆమె ఆయాసపడుతూ వచ్చి బెంచీ మీద నా పక్కన కూలబడింది.

"తప్పు నాదే బాబూ. కాయితంలో ఉన్నది సదివీసినాను. నిన్ను అడగనేదు" అంది.

నా జబ్బు విషయంలో తప్పు తనదని ఒకరు ఒప్పుకోవడం అదే మొదలు. అప్పటిదాకా అందరూ నన్నే తిట్టారు.

మరుసటి వారం నుంచి కళ్ళు తెరిచే ఉంచాం. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చి ఒళ్ళో పోసేది. నెమ్మదిగా ఒలవాలి. గొంతు వస్తే రానిచ్చి, మనసుని మళ్ళీ కాయ మీదికి తెచ్చుకోవాలి.

"ఏటంటన్నాది ఇయ్యాల?" అని చుట్టాన్ని గురించి అడిగినట్టే అడిగేది. "అననీ. నువ్వు కాయ ఒలుసుకో."

మొదటి గింజ మన నోట్లో, రెండోది పక్కవాళ్ళ చేతిలో. అదీ ఆమె పద్ధతి. నేను మొదటిది కూడా పక్కనున్న టైలరుకే ఇచ్చేసేవాణ్ణి. చేతిమీద చిన్నగా కొట్టేది. "నీ మీద నీకు జాలి నేకపోతే ఎదుటోళ్ళకేటి సూపిత్తావు?" టైలరు గింజ తీసుకునేవాడు. రెండేళ్ళలో అతను మా మధ్య నోరు విప్పలేదు.

నా తలలోని గొంతు పోలేదు. పోతుందని ఆమె ఎప్పుడూ చెప్పలేదు కూడా.

మొన్న బుధవారం మంచం దిగడానికే విసుగేసింది. అయినా కాయలు ఉడకబెట్టి పట్టుకెళ్ళాను. సిస్టరమ్మ వాళ్ళమ్మాయి వరండా తలుపు తీసింది. ఆరుగురమూ వచ్చాం.

"నువ్వే సంపీసినావు" అంటూనే ఉంది గొంతు. కాయ ఒలిచాను గానీ నోటి దాకా తీసుకెళ్ళలేకపోయాను. గింజని టైలరు చేతిలో పెట్టాను. అతను దాన్ని తిరిగి నా అరచేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు తిను" అన్నాడు.

ఏడుస్తూనే తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. గొంతు అంటూనే ఉంది. వరండాలో ఆరుగురం కాయలు ఒలుస్తూనే ఉన్నాం.